ఉలవకట్టె మీద ఆపిన కారు

మా కారుకు మొదట పట్టిన జబ్బు వాసన. ఎక్కడికి వెళ్ళి వచ్చినా సరే, ఇంటి ముందు ఆపి దిగగానే కుళ్ళిన కోడిగుడ్ల కంపు గుప్పున కొట్టేది. ఆ వారమే మా అత్తమ్మ ఊరి నుంచి నాటుకోడి గుడ్లు పంపింది. తేవడంలో ఒకటో రెండో పగిలి ఏ మూలనో కారి ఉంటాయనుకొని నేను డిక్కీ అంతా ఖాళీ చేసి, స్టెప్నీ కూడా బయటికి తీసి, సబ్బునీళ్ళతో కడిగాను. వాసన పోలేదు. మా ఆయన ముక్కు మూసుకొని, "మా అమ్మ గుడ్ల మీదనే అనుమానం పెట్టుకున్నవా? చెప్పాల్నా ఆమెకు?" అని ఆటపట్టించాడు. గుడ్లేమో వంటింట్లో బుట్టలో చక్కగా ఉన్నాయి.

కారు మా ఆయన కొన్నాడు గాని, నడపడం నాకే వచ్చింది. ఆయనది గద్వాలలో కాలువ పనుల దగ్గర ఉద్యోగం. నాది వనపర్తిలో ఒక ఆఫీసులో టైపిస్టు పని. అప్పటికి ఇవన్నీ ఒకే పాలమూరు జిల్లా. ఆయనతో పనిచేసే ఒకాయన హైదరాబాదు నుంచి తెచ్చుకొని ఏళ్ళ తరబడి వాడిన చిన్న తెల్ల కారు అది. బదిలీ మీద పోతూ మాకు అమ్మాడు. మా ఆయన స్టీరింగు ముందు కూర్చుంటే ఏది బ్రేకో ఏది క్లచ్చో మరిచిపోయేవాడు. ఒకసారి మా ఇంటి గేటునే గుద్ది, ఇక చాలని తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

నేనా, పుట్టు పిరికిదాన్ని. గ్యాసు సిలిండరు మార్చాలంటే పక్కింటామెను పిలిచి, ఆమె మార్చేదాకా వాకిట్లో నిలబడతాను. ఇలాంటిది కారేం నడుపుతుందని బంధువులంతా నవ్వారు. పిరికివాళ్ళే బాగా నడుపుతారని నా వాదన. దూరాన ఎద్దు కనబడితే అది నా కోసమే వస్తోందనుకొని అక్కడే ఆపేస్తాను. అందుకే ఎద్దులకూ నాకూ ఎప్పుడూ పేచీ రాలేదు.

వాసన తరువాత చప్పుడు మొదలైంది. బండి కదలగానే కింద ఎక్కడో డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు గలగలమనేది. ఎత్తు ఎక్కాలంటే ఇంజను మూలిగేది, ఎంత తొక్కినా లాగేది కాదు. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది వేడి. కాసేపు నడిపితే కాలి కింద రబ్బరు పరుపు వెచ్చబడి, చెప్పు లోంచి అరికాలికి తగిలేది. మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. అతను కారు కింద దూరి పానాతో టంగుటంగుమని కొట్టి, బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"కన్వర్టర్ పోయిందమ్మా. సైలెన్సర్‌కు ముందల ఒక డబ్బ ఉంటది. దాంట్ల తేనెతుట్టె లెక్క జాలి ఉంటది, పొగను సాఫ్ చేసేటందుకు. గది పలిగింది. ముక్కలే లొల్లి చేస్తున్నయ్."

"మరి ప్రమాదం కాదా?"

"ఏం గాదు. సప్పుడైతది, అంతే. తీసేసి ఉత్త పైపు పెడ్త. గద్వాల కెల్లి పైపు రానియ్యుర్రి."

"కాలు కాలుతోందయ్యా."

"ఎండలు రావట్టె గదమ్మా," అని నవ్వాడు.

అవి చలిరోజులు. పొద్దున లేస్తే నోట్లోంచి పొగ వస్తోంది. నాకు ఒళ్ళు మండింది. ఆడది, అందులో భయపడే ఆడది చెబితే నెపం ఎండ మీదకే పోతుంది. పైపు వచ్చేదాకా కారు తీయకూడదనుకొని ఇంటి ముందు పెట్టేశాను.

అప్పుడే మా అత్తమ్మ పడింది. కోడేరు అవతల పల్లెలో ఆమె ఒక్కతే ఎవుసం చేసుకొని బతికేది. మామయ్య పోయి చాలా ఏళ్ళు. కొట్టంలో బర్రెకు కుడితి పెట్టబోయి బండ మీద జారింది. తొడ ఎముక విరిగింది. వనపర్తి దవాఖానలో చేర్చాం. తుంటి నుంచి పాదం దాకా సిమెంటు పట్టీ వేశారు. ఆ కాలు కర్రలా బిగుసుకుపోయింది. కొసన వేళ్ళు మాత్రం కదిలేవి.

మా అత్తమ్మ చెడ్డది కాదు గాని, ఆమె నోట్లోంచి నాకు ఒక మెత్తటి మాట వచ్చిన గుర్తు లేదు. నాతో ఆమె మాటలన్నీ పనుల గురించే. ఇక నా జడ అంటే ఆమెకు కంటగింపు. నడుము దాటిన జడ నాది. "పనిజేసుకునే ఆడిదానికి గంత జడ ఎందుకే? నూనెకు దండుగ," అనేది. నేను వినీ విననట్టు ఊరుకునేదాన్ని. కోపం మాత్రం ఉండేది.

దవాఖాన వాళ్ళు ఇంకొన్నాళ్ళు ఉండమన్నారు. ఆమె ఉండనంటే ఉండనంది. బర్రె ఎవరు కూర్చున్నా తన్నుతోందనీ, పాలు ఇయ్యడం లేదనీ ఊరి నుంచి కబురు వచ్చింది. "నన్ను సూస్తే పాలు సేపుతది. నన్ను తోల్కపోర్రి," అని తిండి మానేసింది. మా ఆయనకు సెలవు దొరకలేదు. కాలువకు నీళ్ళు వదిలే రోజులు. ఫోను చేసి, "మెల్లగ తీస్కపో. మెకానిక్కు ఏం గాదన్నడు గద. నీకు ప్రతిదానికీ భయమే," అన్నాడు. ఆ మాటకు రోషం వచ్చింది. రోషంలో భయం తగ్గదు గాని, కనబడదు.

ఆమెను కారులో ఎక్కించడానికి దవాఖాన వాళ్ళు నలుగురు కావలసి వచ్చారు. వెనక సీటులో, నా వెనకున్న తలుపుకు దిండు పెట్టి ఆమె వీపు ఆనించారు. సిమెంటు కాలు సీటు పొడుగునా అవతలి తలుపు దాకా చాచి, ఆ తలుపును నొక్కి వేశారు. ఊళ్ళో దించడానికి పాలివాళ్ళు సిద్ధంగా ఉంటామన్నారు. దారిలో ఉండేది మేమిద్దరమే. నేను అలవాటు కొద్దీ జడను సీటు వెనక్కి వేసుకొని కూర్చున్నాను. "నా మూతి మీదికే వచ్చింది నీ జడ," అని వెనక నుంచి గొణిగింది.

గోపాల్‌పేట దాటేదాకా బాగానే ఉంది. అంటే, గలగల ఉంది, వాసన ఉంది, కాలికి వేడి ఉంది. అయినా నడిచింది. తరువాత కోడేరు దిక్కు తిరిగి కొంత దూరం పోయాక రోడ్డు నిండా ఉలవకట్టె పరిచి ఉంది.

మా దిక్కు అది మామూలే. పంట కోశాక కాయలతో ఎండిన ఉలవకట్టో కందికట్టో తెచ్చి తారురోడ్డు మీద పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే కాయ పగిలి గింజ రాలుతుంది. సాయంత్రం కట్టె ఎత్తేసి, గింజ ఊడ్చుకొని, తూర్పార పట్టుకొని పోతారు. బండ్లవాళ్ళు దాని మీదుగానే పోవాలి. పక్కనున్న మట్టిలోకి దిగి తప్పించుకు పోతే, వాడు రైతు నోటికాడి కూడు లాగినవాడని చెప్పుకుంటారు. నేను సంగతి తెలిసీ పక్కకు తిప్పబోయాను.

"పక్క కెల్లి పోతవేందే? మీది కెల్లి పోనియ్!" అంది అత్తమ్మ.

పోనిచ్చాను. కట్టె కారు కింద బరబర గీసుకుంది. కల్లం అంచున ఒక ముసలామె, ఆమె పెనిమిటి నిలబడి ఉన్నారు. ఆయన చేతిలో గడ్డి ఎత్తే పంగలకర్ర. అత్తమ్మ అద్దం దించమని, వాళ్ళను కేకేసింది.

"ఏం అక్కా, రాలినయా ఉలువలు?"

"యాడ రాలినయ్ చెల్లే! ముంగట మోరీకని రోడ్డు తవ్విన్రు, చిన్న బండ్లే పోతున్నయ్. పొద్దుగాల కెల్లి ఒక్క బస్సు రాలే. మీదే మొదలు," అంది ముసలామె.

అంతే. అత్తమ్మ నా భుజం మీద తట్టింది. "ఎనుకకు తిప్పు. జర నాలుగు మాట్ల తొక్కియ్."

"అత్తమ్మా, కారు కింద బాగా వేడెక్కుతోంది. మెకానిక్కు..."

"కారుకేమన్న కాళ్ళు గుంజుతయా? తిప్పు."

ఆమె మాట దాటడం నాకు రాదు. ముందుకూ వెనక్కూ, ముందుకూ వెనక్కూ, చిన్న గేరులో మూలిగే ఇంజనుతో ఆ కల్లమంతా తొక్కాను. కాయలు చిటపటమని పగులుతుంటే అత్తమ్మ ముఖం అద్దంలో వెలిగిపోతోంది. దవాఖానలో అన్ని రోజులూ చూడని ముఖం అది. నాకు మాత్రం అరికాలు నిలవడం లేదు. చెమట పట్టి చేతులు స్టీరింగు మీద జారుతున్నాయి. ఇంకొక్కసారి వెళ్తే ఏదో అయిపోతుందనిపించింది. ఏమవుతుందో చెప్పమంటే చెప్పలేను. చెప్పలేని భయాన్ని ఎవరు లెక్కపెడతారు?

"ఆపు, ఆపు. గింజ సూస్త," అంది. కల్లం నడుమ ఆపాను. ఆపగానే ఇంజను తనంత తానే దగ్గి చచ్చిపోయింది. ముసలామె దోసిలిలో ఉలవలు తెచ్చి కిటికీ లోంచి అత్తమ్మ చేతిలో పోసింది. ఇద్దరూ గింజ లావు గురించీ, వాన సరిగా పడని సంగతీ మాట్లాడుకున్నారు. నాకు తాగడానికి నీళ్ళు ఇచ్చారు. అప్పుడు కమ్మటి వాసన వచ్చింది. పెనం మీద ఉలవలు వేయిస్తే వచ్చే వాసన.

"ఎవరో ఉలువలు ఏంపుతున్నరు," అంది అత్తమ్మ.

నేను చుట్టూ చూశాను. దగ్గరలో ఇల్లు లేదు, పొయ్యి లేదు. పక్క సీటు కింద నుంచి సన్నగా పొగ లేస్తోంది. వేగుతున్నవి మా కింది ఉలవలే.

తాళం తిప్పాను. కిర్రుకిర్రుమంది గాని అందుకోలేదు. మళ్ళీ తిప్పాను. బయట ముసలామె, "మంట! మంట లేసింది! దిగుర్రి!" అని అరిచింది. ముసలాయన పంగలకర్రతో కారు కింది కట్టెను లాగుతున్నాడు. లాగిన కట్టె వెంట నిప్పు కూడా బయటికి వచ్చింది. అద్దంలో చూస్తే కుడి పక్కనే, అత్తమ్మ వీపు ఆనించిన తలుపు కింద, పరిచిన కట్టె రాజుకుంటోంది. ఆ తలుపు తెరిస్తే ఆమె వెల్లకిలా పడేది ఆ నిప్పుల మీదే. అవతలి తలుపుకు ఆమె కాలు అడ్డం. నలుగురు కలిసి ఎక్కించిన మనిషిని నేనొక్కదాన్ని ఎక్కడి నుంచి లాగాలి? వెనక సీటు కిందనే పెట్రోలు ట్యాంకు ఉంటుందని ఎవరో చెప్పిన మాట అప్పుడే గుర్తుకు రావాలా?

"దిగు! నన్ను ఇడిసిపెట్టి దిగు! నీకేమన్న అయితే నా కొడుకుకు ఏం జెప్పాలె? దిగే!" అత్తమ్మ అరుస్తోంది.

నా చెయ్యి తలుపు పిడి మీద ఉంది. ఎప్పుడు వేశానో నాకు తెలియదు. దిగుదామని లేవబోయానో, ముందుకు వంగానో అదీ తెలియదు. తల వెనక్కి పీక్కుపోయింది. మెడ నరాలు పట్టేశాయి. జడ ఎక్కడో ఇరుక్కుంది. గుంజితే రావడం లేదు. పొగ కళ్ళలో పడి నీళ్ళు కారుతున్నాయి. ఇక్కడే, ఉలవకట్టె మీదే అయిపోయానని ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను.

"ఏడ్వకమ్మా, గేరు తియ్యి! బిరేకు ఇడువు! మేం నూకుతం!" ముసలాయన కారు వెనక నుంచి కేకవేశాడు.

గేరు తీశాను. హ్యాండు బ్రేకు దించాను. ఆ ముసలివాళ్ళిద్దరూ వెనక నుంచి నెట్టారు. కదల్లేదు. కట్టె కింద చుట్టుకొని పట్టేసింది. ముసలామె "ఓ యమ్మా" అని పళ్ళు బిగించి మళ్ళీ నెట్టింది. కారు ఒక్క కుదుపు కుదిపి కదిలింది. ముందు రోడ్డు మోరీ దాకా పల్లం. కట్టె మీది నుంచి తారు మీదికి, తారు మీది నుంచి మోరీ కోసం పోసిన మట్టికుప్ప దగ్గరికి దొర్లింది. అంత దూరమూ కింద మంట మాతోనే వచ్చింది. బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, ఎవరినో ఒకరిని రమ్మని కేకలు పెట్టాను.

వాళ్ళు రొప్పుకుంటూ పరుగెత్తుకు వచ్చారు. ముసలాయన తట్టతో మట్టి ఎత్తి కారు కింద కొట్టాడు. ముసలామె తమ తాగునీళ్ళలో గోనెసంచి ముంచి, నేల మీద పడుకొని, ఆ సంచితో మంటను అదిమింది. కింద ఇనుము బుస్సుమంది. మట్టి పడ్డ కొద్దీ పొగ నల్లబడి, తెల్లబడి, చివరకు సన్నగిల్లింది. మోరీ అవతల నుంచి ఒక ట్రాక్టరు వాళ్ళు వచ్చి, అందరూ పట్టి అత్తమ్మను బయటికి తీశారు. ఇరుక్కున్న జడ ఎప్పుడు వదులైందో నాకు గుర్తు లేదు. రోడ్డు పక్కన కూలబడ్డాను.

వెనక కల్లం నడుమ పంట నల్లగా మాడిపోయింది. అంచుల్లో ఉన్నది వాళ్ళు లాక్కోగలిగారు. నేను ముసలామె చేతులు పట్టుకున్నాను. "నువ్వేం జేస్తవ్ బిడ్డా, తొక్కుమన్నది మేమే గద," అంది ఆమె. ఆ చేతులకు బొబ్బలు లేచాయి. తరువాత అత్తమ్మ తన చేను ఉలవలు బస్తాకు ఎత్తించి వాళ్ళింటికి పంపింది. నాతో మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

కారును తాడు కట్టి వనపర్తికి లాక్కెళ్ళాక మెకానిక్కు ఆ డబ్బాను కోసి చూపించాడు. లోపలి జాలి కరిగి ముద్దయింది. ఒక ప్లగ్గు పనిచేయక, కాలని పెట్రోలు వచ్చి ఆ డబ్బాలో కాలుతోందట. దారి మూసుకుపోయి డబ్బా ఎర్రగా కాగిందట. మొదట వచ్చిన కుళ్ళిన గుడ్ల కంపూ దానిదేనట. దానికి ఎండిన ఉలవకట్టె తగిలితే ఇంకేం కావాలి? అతను ఎండల మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, ఎత్తే ఓపిక లేదు. కాని ఇప్పటికీ ఏ కారు దిగినా, మొదట వంగి కింద చూస్తాను. ఉలవచారు కాస్తుంటే వంటింట్లో నిలబడలేను.

ఆ రోజు అత్తమ్మను ట్రాక్టరు ట్రాలీలో గడ్డి మీద పడుకోబెట్టి ఇంటికి చేర్చాం. ఆమె గొంతు వినగానే కొట్టంలో బర్రె అరిచింది. పొద్దు గూకుతుండగా మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. నా తలంతా పొగ వాసన. ఆమె దువ్వెన అడిగి, "ఇటు జరుగు," అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నా తల ముట్టలేదు. జడ విప్పి, చిక్కు తీయడం మొదలుపెట్టింది.

"మెడ నొస్తుందా?"

"కొంచెం. జడ ఎక్కడో ఇరుక్కుంది అత్తమ్మా."

దువ్వెన ఆగింది. "ఇరుక్కోలే. నేనే పట్టుకున్న."

నేను వెనక్కి తిరగబోయాను. ఆమె తిరగనియ్యలేదు.

"నోటితోని దిగుమన్న. నిజంగనే అన్న. గాని చెయ్యి ఇనలే. నువ్వు దిగితే నేనొక్కదాన్నే కాలిపోతనని భయమయ్యింది. గా భయంల జడ దొరికింది, పట్టుకున్న. ఇద్దరం పోతుంటిమి."

బయట ఎవరో బర్రెను అదిలిస్తున్నారు.

"పట్టుకోకుంటే దిగుతుంటివా?" అంది.

తలుపు పిడి మీద నా చెయ్యి గుర్తొచ్చింది. ఆమెకు అబద్ధం చెప్పవచ్చు. ఎవరైనా చెబుతారు.

"తెల్వదు అత్తమ్మా," అన్నాను.

ఆమె మళ్ళీ దువ్వడం మొదలుపెట్టి, "దిగకపోతుంటి అని నువ్వంటే నేను నమ్మకపోతుంటి," అంది. కొసదాకా జడ అల్లింది. అల్లాక కూడా కొస వదలలేదు. చీకటి పడి దీపం పెట్టడానికి లేవబోతే, "జర సేపు కూసో," అంది. కూర్చున్నాను.